ఈ సింహం ఎవరి బిడ్డ?

విశాఖపట్నం, తిరుపతి జూలలో ఒకప్పుడు సందర్శకుల కంటబడని సింహాలు చాలా ఉండేవి. అవన్నీ సర్కస్‌లలో ఆడి, ఇరుకు బోనుల్లో ఊరూరా తిరిగి వచ్చినవే. సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి వంటి జంతువులకు శిక్షణ ఇచ్చి ప్రదర్శనల్లో ఆడించకూడదని 1998లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకు వెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే నిలబెట్టింది. అలా విడుదలైన జంతువుల కోసం దేశంలో కొన్నిచోట్ల రక్షణ కేంద్రాలు వెలిశాయి. వాటిలో రెండు మన తీరంలోనూ, తిరుమల కొండల కిందా ఉన్నాయి. తిండికీ వైద్యానికీ లోటు లేకుండా చూశారు. ఒక నియమాన్ని మాత్రం గట్టిగా పాటించారు. ఆ సింహాలకు పిల్లలు పుట్టకూడదు. మగవాటికి వేసెక్టమీ చేశారు. ఉన్నవి ముసలివై, ఒక్కొక్కటిగా కన్నుమూస్తే ఆ వంశం అక్కడితో ఆగిపోవాలి.

ఆసియా సింహం అంతరించే ప్రమాదంలో ఉందని అంతర్జాతీయ సంస్థలే ప్రకటించాయి. అలాంటప్పుడు ఉన్న సింహాలకు పిల్లలు పుట్టకుండా ఆపడం విడ్డూరంగానే కనిపిస్తుంది. సింహాల సంరక్షణ ఎంత చిక్కైన పనో ఇక్కడే తెలుస్తుంది. సర్కస్ సింహాల్లో చాలావాటికి తండ్రి ఆఫ్రికా వాడో, తల్లి గుజరాత్‌లోని గిర్ అడవిదో, లేక ఇద్దరూ సంకరమో చెప్పే దాఖలా లేదు. అలాంటి సింహం ప్రాణం సింహం ప్రాణమే. దానికి మంచి బతుకు ఇవ్వాలి. దాని పిల్లల్ని మాత్రం ఆసియా సింహాల లెక్కలో కలపకూడదు.

ఆ లెక్క ఇంత పట్టుగా ఎందుకు చూస్తారో అర్థం కావాలంటే గిర్ కథ కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. ఒకప్పుడు సిరియా, ఇరాక్, ఇరాన్‌ల నుంచి ఉత్తర భారతం దాకా సింహాలు తిరిగేవి. తుపాకులొచ్చాక వేట పెరిగింది, గడ్డి మైదానాలు పొలాలయ్యాయి. పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా మన దేశంలో కాఠియావాడ్ ద్వీపకల్పం మినహా సింహం మిగల్లేదు. ఇరాన్‌లో 1940లతో వాటి జాడ పోయింది. జునాగఢ్ నవాబులు వేటను అదుపు చేయకపోతే గిర్‌లోనూ అదే జరిగేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ మిగిలినవి ఎన్నో అప్పటి లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు గానీ, చాలా కొద్దిగానే ఉండేవనడంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. 1965లో గిర్‌ను అభయారణ్యంగా ప్రకటించారు. 1968లో 177 సింహాలు లెక్కకు వచ్చాయి. 2015కి 523, 2020కి 674, 2025 మే నెలలో ప్రకటించిన గణన ప్రకారం 891.

ఇది గర్వించదగిన ఎదుగుదలే. అయితే ఈ 891 సింహాల పూర్వీకులు ఆ చిన్న గుంపులోనివే. గుంపు అంతగా కుదించుకుపోయినప్పుడు జన్యువుల్లోని వైవిధ్యం చాలావరకు రాలిపోతుంది. తర్వాత సంఖ్య పెరిగినా రాలిపోయింది తిరిగి రాదు. కొత్త వైవిధ్యం పుట్టాలంటే వేల తరాలు పడుతుంది. 1987లో డేవిడ్ వైల్ట్, స్టీఫెన్ ఓబ్రయన్ తదితర శాస్త్రవేత్తలు జునాగఢ్‌లోని సక్కర్‌బాగ్ జూకు చెందిన గిర్ మగసింహాలను పరీక్షించారు. వాటి వీర్యకణాల్లో సగానికి పైగా వికృత రూపంలో ఉన్నాయి. అదే ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల సింహాల్లో ఆ భాగం చాలా తక్కువ. ఆ తర్వాత వచ్చిన జన్యు అధ్యయనాలు కొన్ని పరిస్థితి మరీ అంత నిరాశగా లేదన్నాయి. ఇటీవల పూర్తి జీనోమ్‌లను చదివిన పరిశోధనలు మాత్రం గిర్ సింహాల్లో వైవిధ్యం దాదాపు అడుగంటిందనే చెబుతున్నాయి. పిల్లలు పుడుతున్నాయి, సంఖ్య పెరుగుతోంది. కొత్త జబ్బు వచ్చి పడితే అన్నీ ఒకే రకంగా లొంగిపోవచ్చన్నదే భయం.

ఇంత దగ్గరి బంధుత్వం ఉన్న గుంపును బోనుల్లో పెంచాలంటే జతలు కట్టడం ఎవరికి తోచినట్టు వారు చేసే పని కాదు. మన ఇళ్లలో మేనరికం తరతరాలుగా సాగితే పెద్దలు ఒకచోట ఆగి, ఈసారి బయటి సంబంధం చూద్దాం అంటారు కదా, జూ శాస్త్రవేత్తలు స్టడ్‌బుక్ ముందు పెట్టుకొని చేసేదీ అదే. అందులో ప్రతి సింహానికీ ఒక సంఖ్య ఉంటుంది. తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లింది, ఎప్పుడు ఎందువల్ల చనిపోయింది, అన్నీ రాసి ఉంటాయి. వాటి ఆధారంగా ప్రతి జంతువుకూ మిగిలిన అన్నింటితో ఉన్న సగటు బంధుత్వాన్ని లెక్కగడతారు. బంధువులు తక్కువగా ఉన్న సింహానికే పిల్లల్ని కనడంలో మొదటి వంతు. చూడ్డానికి దిట్టంగా, నిండు జూలుతో, కెమెరాకు చక్కగా నిలబడే మగసింహానికి అప్పటికే ఇరవైమంది పిల్లలుంటే ఇక దాన్ని పక్కన పెట్టాల్సిందే. కుంటిదైనా కొత్త రక్తం తెచ్చిన సింహం విలువ దానికన్నా ఎక్కువ.

పుస్తకం తప్పుల తడక అయితే ఏం జరుగుతుందో అమెరికా చవిచూసింది. 1980లలో అక్కడి జూలు ఆసియా సింహాల కోసం ఉమ్మడి పథకం నడిపాయి. జంతువులు బాగా పెరిగాయి. తీరా ఓబ్రయన్ బృందం పరీక్షిస్తే, మూల జంతువుల్లో కొన్నింటిలో ఆఫ్రికా సింహాల రక్తం ఉందని తేలింది. అప్పటికి వాటి సంతతి పథకం నిండా పరుచుకుంది. మొత్తం పథకాన్నే వదులుకోవాల్సి వచ్చింది. యూరప్ జూలు ఆ పాఠం నేర్చుకొని, 1990లలో సక్కర్‌బాగ్ నుంచి వెళ్లిన, పుట్టుపూర్వోత్తరాలు తెలిసిన సింహాలతో కొత్తగా మొదలుపెట్టాయి.

మన దేశంలో ఆ దెబ్బ తగిలింది చండీగఢ్ దగ్గరి ఛత్‌బీర్ జూకి. అక్కడ సర్కస్‌ల నుంచి వచ్చిన ఆఫ్రికా రక్తపు సింహాలూ, ఆసియా సింహాలూ కలిసి పిల్లల్ని కన్నాయి. గుంపు పెరిగింది, సఫారీ నిండింది. తరువాత ఆ సింహాలు జబ్బుల పాలయ్యాయి, బలహీనపడ్డాయి, చివరికి వాటి సంతానోత్పత్తిని ఆపేయాల్సి వచ్చింది. కేరళలో నెయ్యార్ జలాశయంలోని సింహాల సఫారీ కూడా దగ్గరి బంధువుల మధ్య పిల్లలు పుట్టడం వల్ల చిక్కుల్లో పడి, సంతాన నిరోధం తర్వాత క్రమంగా ఖాళీ అయింది. ఈ కథల్లో ఎక్కడా దుర్మార్గులు లేరు. పిల్లలు పుడితే చాలనుకున్న మంచివాళ్లే ఉన్నారు. అందుకే నాకు ఈ రంగంలో అన్నింటికన్నా అనుమానం కలిగించే వార్త, ఏ వివరమూ లేకుండా ‘సఫారీలో సింహానికి నాలుగు కూనలు’ అంటూ వచ్చే వార్త.

సంకరమో కాదో తేల్చే పనిలో హైదరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు పేరు తెచ్చిన లాల్జీ సింగ్ ఆ పద్ధతిని నేర పరిశోధనకే పరిమితం చేయలేదు. వన్యప్రాణుల వైపూ మళ్లించారు. ఆయన చొరవతో అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల కోసం అత్తాపూర్‌లో ‘లాకోన్స్’ ప్రయోగశాల ఏర్పడింది. 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని జాతికి అంకితం చేశారు. రక్తం బొట్టో, వెంట్రుకో, పెంటికో దొరికితే చాలు, ఆ జంతువు ఏ జాతిదో, దేనికి చుట్టమో అక్కడ చెప్పగలరు. వీర్యాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి దాచిపెట్టడం మరో పని. చనిపోయిన మగసింహం జన్యువుల్ని పదేళ్ల తర్వాత వాడుకునే వీలు దానివల్ల ఉంటుంది. పైగా సింహాన్ని బోనులో పెట్టి రైల్లోనో లారీలోనో వెయ్యి కిలోమీటర్లు తిప్పడం కన్నా ఒక చిన్న గొట్టాన్ని పంపడం ఎంత సుఖం!

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. గిర్ సింహాల్లో వైవిధ్యం అంతగా తగ్గితే ఆఫ్రికా రక్తం కలిస్తే నష్టమేమిటి? ఫ్లోరిడాలో ప్యూమాలు ఇలాగే కుంగిపోతే 1995లో టెక్సస్ నుంచి 8 ఆడ ప్యూమాలను తెచ్చి వదిలారు, జాతి తేరుకుంది. పైగా 2017లో వర్గీకరణను సవరించిన నిపుణులు మన సింహాన్ని పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహాలతో కలిపి ఒకే ఉపజాతిగా లెక్కించారు. కాబట్టి ఆ ఆలోచన ఎన్నటికీ తప్పని నేననను. కానీ ఫ్లోరిడాలో చేసింది ఏ జంతువు ఎక్కడిదో తెలిసి, అన్నీ తూచి, చివరి దారిగా చేసిన పని. సర్కస్ డేరాల్లో జరిగింది అది కాదు. గిర్ సింహం ఇంకా పుంజుకుంటూనే ఉంది. కలపాలనుకుంటే రేపైనా కలపవచ్చు, కలిపాక విడదీయడం మాత్రం ఎవరి తరమూ కాదు.

1863లో జునాగఢ్‌లో మొదలైన సక్కర్‌బాగ్ జూ ఈ పనికంతటికీ ఆయువుపట్టు. దేశంలో ఏ జూకైనా అసలైన ఆసియా సింహం కావాలంటే చూపు అటే మళ్లుతుంది. దాని బలం గిర్ పక్కన ఉండటంలో ఉంది. అడవిలో గాయపడినవి, నేలబావిలో పడితే తీసినవి, తల్లి పోయిన కూనలు వైద్యం కోసం వస్తాయి. కోలుకున్నవి తిరిగి అడవికి పోతాయి. ఇక అడవిలో బతకలేవనుకున్నవి ఉండిపోతాయి. ఆ ఉండిపోయినవే సంతానోత్పత్తికి మూల జంతువులవుతాయి. అడవి నుంచి ఆరోగ్యంగా ఉన్న ఒక్క సింహాన్నీ పట్టకుండానే బోనుల్లోని గుంపుకు కొత్త రక్తం అందుతుంది. గుజరాత్ అటవీశాఖ రాంపరా దగ్గరా, బర్డా కొండల్లోని సాత్‌విర్డా దగ్గరా ప్రత్యేక కేంద్రాలు పెట్టి, అన్ని సింహాలూ ఒకేచోట లేకుండా కొన్నింటిని విడిగా కాపాడుతోంది.

సివంగి గర్భం దాదాపు 110 రోజులు. సాధారణంగా రెండు మూడు కూనలు, అప్పుడప్పుడు నాలుగు. కళ్లు తెరవని కూనల్ని అడవిలో తల్లి గుంపుకు దూరంగా, పొదల్లో దాచి పెంచుతుంది. కొత్త మగసింహం గుంపును గెలుచుకుంటే పాత కూనల్ని చంపేస్తుంది కాబట్టి ఆ జాగ్రత్త తల్లి నెత్తుట్లోనే ఉంటుంది. బోనులో ఆ భయం పోదు. పక్క గదిలో మగసింహం గర్జించినా, తెలియని మనిషి వాసన తగిలినా, తల్లి కూనల్ని వదిలేయవచ్చు, ఒక్కోసారి చంపేయవచ్చు కూడా. అందుకే పురిటి గది చుట్టూ రోజుల తరబడి ఎవరూ మసలరు. అలవాటైన కీపర్ ఒక్కడే నీళ్లూ మాంసమూ పెట్టి తప్పుకుంటాడు. మిగిలిన చూపంతా కెమెరాలదే. జత కట్టించడానికీ ఇదే ఓపిక కావాలి. ముందు జాలీకి అటూ ఇటూ ఉంచి వాసనకు అలవాటు చేస్తారు. గుర్రుమనడం తగ్గి, జాలీకి ఒళ్లు రుద్దుకోవడం మొదలైతేనే తలుపు తీస్తారు.

ఇంత చేసినా అన్నీ దక్కవు. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా అందుకు గట్టి సాక్ష్యం. యమునా తీరపు లోయల్లో ఫిషర్ ఫారెస్ట్ అనే పాత అడవి ఉంది. మన ఊళ్ల చెరువుగట్లను ఆక్రమించిన సర్కారు తుమ్మే దాన్నీ కమ్మేసింది. ఆ నేలను బాగుచేసి సుమారు 350 హెక్టార్లలో సింహాల సంతానోత్పత్తి కేంద్రం, సఫారీ కట్టారు. మొదట్లో తెచ్చిన విష్ణు, లక్ష్మి అనే జంట 2014లో చనిపోయింది. ఆ తర్వాత కూడా మరణాలు ఆగలేదు, కూనలూ పోయాయి. కుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ వైరస్ అక్కడ చేసిన నష్టం అంతా ఇంతా కాదు. 2016 అక్టోబరులో జెస్సికా అనే సివంగికి పుట్టిన రెండు కూనలు బతికి బట్టకట్టాయి. వాటికి సింబా, సుల్తాన్ అని పేర్లు పెట్టారు. సందర్శకులకు సఫారీ తలుపులు తెరిచింది 2019లో. సింహాలు నిలదొక్కుకునేదాకా జనాన్ని రానివ్వకుండా ఆగడం, ఎన్ని ఒత్తిళ్లున్నా, సరైన పనే.

డిస్టెంపర్ వైరస్ మన పిల్లలకొచ్చే తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం. ఊరకుక్కల్లో ఇది ఎప్పుడూ ఉంటుంది. సింహం చంపిన పశువు కళేబరం దగ్గరికి కుక్కలు చేరతాయి, మూతులు పెడతాయి, తుంపర్ల ద్వారా వైరస్ దాటుతుంది. 1994లో సెరెంగెటిలో దాదాపు మూడోవంతు సింహాలు దీనివల్లే చచ్చిపోయాయి. వైరస్ ఒక్కటే అంత పని చేయలేదని తర్వాతి పరిశోధన తేల్చింది. కరువుకు అడవిదున్నలు నీరసించి, వాటి ఒంటినిండా పిడుదులు పట్టాయి. ఆ మాంసం తిన్న సింహాలకు పిడుదుల ద్వారా బబీసియా అనే పరాన్నజీవి సోకింది. వైరస్ రోగనిరోధక శక్తిని కుంగదీస్తే ఆ పరాన్నజీవి నెత్తురును తినేసింది. 2018 సెప్టెంబరులో గిర్ తూర్పు వైపు దల్ఖానియా రేంజ్‌లో ఇలాంటి జంట దాడే జరిగింది. మూడు వారాల్లో 23 సింహాలు పోయాయి. చుట్టుపక్కల సింహాలను పట్టి విడిగా ఉంచి, అమెరికా నుంచి టీకాలు తెప్పించి వేశారు. మంట అక్కడితో ఆగింది. గాలి మరోవైపు వీచి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే మనసు ఒప్పదు.

జబ్బు కుక్కల నుంచే రావాలని లేదు. 2021 మే నెలలో హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 8 ఆసియా సింహాలు దగ్గుతూ, ముక్కు కారుతూ, తిండి మానేస్తే సీసీఎంబీ పరీక్షల్లో కోవిడ్ అని తేలింది. అవి కోలుకున్నాయి. ఆ వెంటనే చెన్నై దగ్గరి వండలూరు జూలో కూడా సింహాలకు సోకి, మరణం సంభవించింది. వాటి దగ్గరికి రోజూ వెళ్లేది మనుషులే. కీపర్ చెప్పుల్ని తలుపు దగ్గర మందునీళ్లలో ముంచడం, కొత్తగా వచ్చిన జంతువును నెలరోజులు విడిగా ఉంచడం, కంచె చుట్టుపక్కల ఊళ్ల కుక్కలకు టీకాలు వేయించడం, ఇవే సంతానోత్పత్తి కేంద్రం అసలు ఖర్చులు. వీటికి ప్రారంభోత్సవాలు ఉండవు, ఫొటోలు ఉండవు. బడ్జెట్‌లో కోత పడేది ముందు వీటికే.

సఫారీ పార్కు వేరే సంగతి, ఆ తేడాను జనం ముందు ఉంచడం మంచిది. జాలీ బిగించిన బస్సు మొదటి గేటు దాటి, అది మూసుకున్నాక రెండో గేటు తెరుచుకుంటుంది. లోపల సింహాలు చెట్టు కింద పడుకొని ఉంటాయి. పడుకోవడం వాటి జబ్బు కాదు, సింహం రోజులో ఇరవై గంటల దాకా అలాగే ఉంటుంది. సాయంత్రం కాగానే వాటిని నైట్ హౌస్‌లోకి పిలిచి మాంసం పెడతారు. వారంలో ఒకరోజు ఉపవాసం. చీకటిపడ్డాక తిరిగే జంతువును చీకటిపడగానే గదిలో వేయడంలోని కష్టం నాకు ప్రతిసారీ గుచ్చుకుంటుంది. అయినా సఫారీలను నేను వద్దనను. గిర్‌లో దేవళియా సఫారీ 412 హెక్టార్లలో కంచె కట్టిన చోటు. సింహాన్ని చూసే తీరాలని వచ్చే వేలమందిని అది తనవైపు తిప్పుకొని, అసలు అడవిలో జీపుల రద్దీని తగ్గిస్తోంది. ఒక సఫారీ చేయగల గొప్ప మేలు అదే. అక్కడి సింహం అడవికి తిరిగి వెళ్లగలదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. కూన దాదాపు రెండేళ్లు తల్లి వెంట తిరిగి దుప్పినీ, కణుజునూ ఎలా చుట్టుముట్టాలో నేర్చుకుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, మనిషికి దూరంగా మెలగడం నేర్చుకుంటుంది. ట్రేలో మాంసం పెట్టే మనిషిని చూసి పెరిగిన సింహాన్ని పల్లెల మధ్య వదిలితే ఆ సింహానికీ ముప్పే, పల్లెకూ ముప్పే.

మరి అడవిలో వదలలేని సింహాల్ని ఎందుకు పెంచాలి? దల్ఖానియాలాంటిది గిర్ మొత్తాన్ని చుట్టేస్తే ఆ జాతి జన్యువులు భూమ్మీద ఎక్కడో ఒకచోట పదిలంగా ఉండాలి కాబట్టి. గర్భం, మత్తుమందు, టీకా మోతాదు, కూనల జబ్బులు, ఇవి తెలుసుకోవడానికి అడవి సింహాన్ని పరీక్షించలేం కాబట్టి. ఈ రెండూ చిన్న కారణాలు కావు. కానీ అడవి జాతిని కాపాడేది మరో అడవి మాత్రమే.

ఆ ప్రయత్నం ఒకసారి జరిగింది. 1957లో ఉత్తరప్రదేశ్‌లోని చంద్రప్రభ అభయారణ్యంలో ఒక మగ సింహాన్ని, రెండు సివంగుల్ని వదిలారు. 1965కల్లా అవి 11 అయ్యాయి. ఆ తర్వాత కనిపించకుండా పోయాయి. కాల్చారో, విషం పెట్టారో, అడవి చాలక బయటికి పోయాయో, వాటి వెంట ఉండి చూసిన వాళ్లు లేరు. అప్పుడు మెడకు రేడియో కాలర్లు లేవు, ఊళ్లతో ముందుగా మాట్లాడినవాళ్లూ లేరు. రెండో ప్రయత్నానికి అన్నీ సిద్ధం చేశారు. 1990లలో భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు మధ్యప్రదేశ్‌లోని కూనోను ఎంపిక చేశారు. అక్కడి 24 ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ కుటుంబాలు తాతల నాటి ఇళ్లూ పొలాలూ విడిచింది సింహాలు వస్తాయన్న మాట మీదే. గుజరాత్ ఇవ్వనంది. గిర్‌లో మాల్ధారీ పశువుల కాపరులు, రైతులు తమ గేదెల్ని పోగొట్టుకుంటూ కూడా సింహాన్ని కడుపులో పెట్టుకొని చూసుకుంటున్నారని, ఆ ఆదరణ వేరేచోట దొరకదని ఆ రాష్ట్రం వాదన. మాల్ధారీల విషయంలో అది అక్షరాలా నిజం. 2025 గణనలో 507 సింహాలు గిర్ అభయారణ్యం, జాతీయోద్యానం వెలుపలే కనిపించాయంటే, పొలాల్లోనూ ఊరి పొలిమేరల్లోనూ వాటిని బతకనిస్తున్నది ఆ జనమే. కానీ అదే సంఖ్య ఇంకో మాట కూడా చెబుతుంది. ఆ సింహాలు తిరిగే చోట కుక్కలు, నేలబావులు, రైలు పట్టాలు, కరెంటు తీగలు ఉన్నాయి.

2023లో ఒక సింహం తనంతట తానే నడిచి బర్డా కొండలకు చేరింది. 1879 తర్వాత అక్కడ సింహం అడుగుపెట్టడం అదే మొదలు. రెండేళ్లలో బర్డాలో 17 లెక్కకు వచ్చాయి. సంతోషించాల్సిన వార్తే. బర్డా గిర్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, అదే సౌరాష్ట్రలో ఉంది. తుపాను వచ్చినా, వైరస్ వచ్చినా రెండింటినీ కలిపి తాకగల దూరం అది. సక్కర్‌బాగ్, ఇటావా, హైదరాబాద్‌ల నుంచి ఎన్ని కూనలు వచ్చినా ఆ దూరం పెరగదు. దాన్ని పెంచాలంటే గిర్ అడవిలోనే పుట్టి పెరిగిన ఒక గుంపును, సివంగులూ మగవీ కలిపి, మరో రాష్ట్రానికి తరలించాలి. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 15న చెప్పిందీ అదే. ఆరు నెలలు గడువు ఇచ్చింది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి చీతాలు వచ్చి కూనోలో దిగాయి. సింహాల తరలింపు ఇంకా మొదలే కాలేదు.